మోరి మనది, సిలబస్ వాళ్లది

(వాడ నుంచి పర్యావరణం: నాలుగో భాగం)



పోయిన భాగం పెట్టినప్పటి నుంచి ఇన్‌బాక్స్‌లో ఒకటే ప్రశ్న. "అన్నా, డిగ్రీలో ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ చదవాలనుంది. చదవొచ్చా?" అడిగినవాళ్లలో ఎక్కువమంది దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్బీనగర్ హాస్టళ్లలో ఉంటున్న పిల్లలే. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం బస్సులు దింపినచోట దిగి, గదికి నలుగురైదుగురు సర్దుకుని చదువుకునేవాళ్లు. వాళ్లలో ఒక చెల్లె ఇంకో మాట కూడా రాసింది. ఆ కోర్సు పేరెత్తగానే వాళ్ల లెక్చరర్ నవ్వాడట. "అది డబ్బున్నోళ్ల పిల్లలు చదివేది. నీకెందుకమ్మా, కంప్యూటర్స్ తీసుకో" అన్నాడట.

ఆ నవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడానికే ఈ భాగం రాస్తున్నా. చదవొచ్చా అన్నదానికి నా జవాబు మాత్రం ముందే చెప్పేస్తున్నా: చదవండి. ఎట్లా చదవాలి, దేనికి సిద్ధపడి చదవాలి అన్నది కింద ఉంది.

మొదట మనకు ఇప్పటికే అంటగట్టిన పేపర్ సంగతి చూద్దాం. మీరు బీకాం చదివినా బీఏ చదివినా పర్యావరణం పేపర్ ఒకటి రాయక తప్పదు. ఇది ఎవరో వైస్ చాన్సలర్ దయ వల్ల వచ్చింది కాదు. 1991 నవంబర్ 22న ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు బడుల్లో, కాలేజీల్లో పర్యావరణాన్ని తప్పనిసరిగా చెప్పాలంది. సినిమా హాళ్లలో స్లైడ్లు వేయమని కూడా అంది. చాలా ఏళ్లు ఎవరూ సరిగ్గా పట్టించుకోలేదు. 2003లో కోర్టు మళ్లీ గట్టిగా అడిగాక యూజీసీ కదిలింది. అన్ని డిగ్రీలకూ ఆరు నెలల కోర్సు ఒకటి తయారైంది, ఏరక్ బరూచా రాసిన పాఠ్యపుస్తకం 2004లో వచ్చింది. ఎనిమిది యూనిట్లు, యాభై క్లాసులు. ఇప్పుడది మన దగ్గర రెండు క్రెడిట్ల పేపర్‌గా కుదించుకుపోయి, పరీక్ష ముందు రాత్రి గైడ్ పట్టుకుని గట్టెక్కే వ్యవహారమైంది.

ఆ ఎనిమిది యూనిట్ల సిలబస్ ఒకసారి నిదానంగా చదవండి. సహజ వనరులు, ఆవరణ వ్యవస్థలు, జీవవైవిధ్యం, కాలుష్యం, సామాజిక సమస్యలు, జనాభా. అందులో "జనాభా విస్ఫోటనం" ఉంది. కుటుంబ సంక్షేమ కార్యక్రమం ఉంది. హెచ్‌ఐవీ ఉంది, విలువల విద్య ఉంది. "కాలుష్య నివారణలో వ్యక్తి పాత్ర" ఉంది. "బంజరు భూముల పునరుద్ధరణ" ఉంది. కులం అన్న మాట లేదు. ఈ దేశంలో మురుగు గురించి, చెత్త గురించి, చచ్చిన పశువు గురించి, చెరువు నీళ్ల గురించి యాభై క్లాసులు చెప్పాలని కూర్చుని, కులం అన్న మాట రాకుండా సిలబస్ ముగించగలగడం మామూలు విద్య కాదు. చాలా ఏళ్ల సాధన ఉండాలి.

తర్వాత వచ్చిన సీబీసీఎస్ నమూనా సిలబస్ ఇంకో అడుగు ముందుకు వేసింది. పర్యావరణ నీతి కింద ప్రకృతి పరిరక్షణలో భారతీయ మతాలు, సంస్కృతుల పాత్ర అని ఒక అంశం పెట్టారు. సరే, పాత్ర చెప్పుకుందాం. 1927 మార్చి 20న మహాడ్‌లో బాబాసాహెబ్ వేలమందితో నడిచి వెళ్లి చవదార్ చెరువులో దోసెడు నీళ్లు తాగాడు. పశువులు తాగే చెరువు అది, మనుషులైన మనం తాగకూడదు. మనం ముట్టిన చెరువును ఆ తర్వాత ఏం చేశారు? కుండల కొద్దీ పంచగవ్యం పోసి "శుద్ధి" చేశారు. నీటి కాలుష్యం పాఠంలో ఏది కాలుష్యకారకమో పట్టిక ఇస్తారు కదా, ఆ ఊరి పట్టికలో మన చెయ్యి ఉంది, పేడ లేదు. ఈ సంగతి రాయకుండా సంస్కృతి పాత్ర మీద పది మార్కుల జవాబు రాయమంటే మనం ఏం రాయాలి?

మన తెలుగు నేల మీదకే రండి. 1985 జులై 17, కారంచేడు. ఆరుగురిని నరికి చంపారు. అది ఎక్కడ మొదలైంది? మాదిగపల్లె తాగే నీళ్ల చెరువు దగ్గర. గేదెల కుడితి బకెట్టు అందులో కడుగుతుంటే కత్తి చంద్రయ్య అభ్యంతరం చెప్పాడు. అతని మీదికి వస్తే మున్నంగి సువార్త బిందె ఎత్తి అడ్డం నిలబడింది. తాగే నీటిని పాడుచేయొద్దు అన్న ఒక్క మాటకు మరుసటి రోజు ఊరంతా కత్తులతో వచ్చింది. చిప్కో ఉద్యమం మన సిలబస్‌లో ఉంది, ఉండాల్సిందే. సైలెంట్ వ్యాలీ ఉంది. బిష్ణోయిలు ఉన్నారు. మంచినీళ్ల చెరువు కోసం బిందె ఎత్తిన సువార్త ఎందుకు లేదు? చెట్టును కౌగిలించుకుంటే పర్యావరణ ఉద్యమం, చెరువును కాపాడుకుంటే "ఊరి గొడవ". పేర్లు పెట్టే అధికారం ఎవరి చేతిలో ఉందో వాళ్లే సిలబస్ రాస్తున్నారు.

ఇక ఎల్బీనగర్‌కు వద్దాం. మీరు రోజూ తిరిగే చోట్లు పెట్టుకుని మాట్లాడితేనే ఈ సబ్జెక్టు అర్థమవుతుంది.

వనస్థలిపురం పక్కన సాహెబ్‌నగర్ ఉంది కదా. 2004 నుంచి హైదరాబాద్‌కు వస్తున్న కృష్ణా నీళ్లు చేరేది అక్కడి రిజర్వాయర్‌కే. అక్కంపల్లిలో ఎత్తి, కోదండాపూర్‌లో శుద్ధి చేసి, నాసర్లపల్లి, గోడకొండ్ల, గున్‌గల్ మీదుగా పైపుల్లో ఎక్కించి తెస్తారు. ఆ దారి పొడవునా ఏమున్నాయో మీలో కొందరికి నేను చెప్పక్కర్లేదు, మీ ఊళ్లే అవి. చింతపల్లి, మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు. గ్రానైట్ రాతిలోని ఫ్లోరైడ్ బోరునీళ్లలోకి దిగి, పళ్లు పచ్చబడి, ఎముకలు వంగి, నలభైకే కర్ర పట్టిన ఊళ్లు. మన దేశంలో ఈ రోగాన్ని వైద్యులు మొదట గుర్తించి రాసింది కూడా తెలుగు నేల మీదే, 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. శివన్నగూడెం అంశల స్వామి వంగిపోయిన ఒంటితోనే జీవితమంతా ఈ నీళ్ల కోసం కొట్లాడి 2023 జనవరిలో వెళ్లిపోయాడు. రాజధానికి వెళ్లే కృష్ణా పైపు ఆ ప్రాంతం మీదుగానే పోయింది. పైపు పోయినా అక్కడి బిందెలోకి నీళ్లు రావడానికి ఇంకా ఏళ్లు పట్టింది. అంతదాకా ఆ ఊళ్లలో జలసాధన సమితి లాంటి వాళ్ల పోరాటమే దిక్కు.

అదే సాహెబ్‌నగర్‌లో 2021 ఆగస్టులో ఒక రాత్రి ఇద్దరు కాంట్రాక్టు కార్మికులు మ్యాన్‌హోల్‌లోకి దిగి చనిపోయారు. మనుషుల్ని మురుగులోకి దింపకూడదని 2013లోనే చట్టం ఉంది. 2014లో సుప్రీంకోర్టు చనిపోయిన ప్రతి మనిషి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వమంది. 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. 2025 జనవరిలో హైదరాబాద్‌తో సహా ఆరు మహానగరాల్లో మనిషిని దింపడం పూర్తిగా ఆపమని మళ్లీ చెప్పింది. చెప్పినదే ఎన్నిసార్లు చెప్పాల్సి వస్తోందో చూడండి.

ఇక్కడే సైన్స్ కావాలి. మూసి ఉన్న మురుగులో గాలి ఆడక హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. మొదట కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. గాలిలో అది 100 పీపీఎం దాటితే ముక్కు వాసన పట్టడం మానేస్తుంది. దిగిన మనిషి "ఇప్పుడు వాసన తగ్గింది, గ్యాస్ పోయింది" అనుకుంటాడు. అప్పుడే అది పెరిగి ఉంటుంది. ఇంకా ఎక్కువైతే రెండు మూడు శ్వాసల్లో కూలబడతాడు. కాపాడదామని దిగినవాడూ అట్లాగే పోతాడు. మీ కాలుష్యం యూనిట్‌లో ఏ వాయువు గురించి చదివారు? సల్ఫర్ డయాక్సైడ్. ఆమ్ల వర్షం. తాజ్‌మహల్ పాలరాయి పచ్చబడటం. పాలరాయికి జరిగిన నష్టం గురించి ఐదు మార్కులు, ఎల్బీనగర్ మ్యాన్‌హోల్‌లో మనిషిని చంపే వాయువు గురించి ఒక్క వాక్యం లేదు. ఆ వాక్యం ఎవరూ కుట్ర చేసి తీసేయలేదు. సిలబస్ రాసిన బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లలో మోరిలోకి దిగిన ఇంటివాళ్లు లేరు, అంతే. అందుకే అది వాళ్లకు తట్టలేదు.

విజయవాడ హైవే మీద ఇంకొంచెం ముందుకు పొండి. ఆటోనగర్ దగ్గర రెండు కనిపిస్తాయి. ఒకటి మహావీర్ హరిణ వనస్థలి, మనం జింకల పార్కు అంటాం. ఒకప్పటి నిజాం వేటస్థలం, 1994లో నేషనల్ పార్క్ అయింది. రెండోది దాని పక్కనే నగరం చెత్తంతా పోసిన పాత డంపింగ్ యార్డు. ఆ చెత్త తర్వాత జవహర్‌నగర్‌కు పోయింది, అక్కడి పేదల ముక్కులకు. కాలేజీ ఫీల్డ్ ట్రిప్ అంటే జింకల పార్కుకే తీసుకుపోతారు. ఫొటోలు, సమోసాలు, రిపోర్టు. కానీ యూజీసీ సిలబస్ ఎనిమిదో యూనిట్‌లో స్పష్టంగా రాసి ఉంది: స్థానికంగా కాలుష్యానికి గురైన ఒక ప్రదేశాన్ని చూసి రావాలి. ఆ వాక్యాన్ని గుర్తుపెట్టుకోండి. దానితో మనకు పని ఉంది.

ఇప్పుడు ఆ లెక్చరర్ నవ్వు సంగతి. అతను అబద్ధం చెప్పలేదు. పర్యావరణాన్ని ప్రధాన సబ్జెక్టుగా డిగ్రీలో మంచిగా చెప్పే చోట్లు కొన్ని ఉన్నాయి. అశోకా లాంటి ప్రైవేటు యూనివర్సిటీలు. అక్కడ ఫీజులు లక్షల్లో ఉంటాయి, చదువంతా ఇంగ్లీషులో, అడవుల్లో క్యాంపులు, విదేశీ జర్నళ్లు. అక్కడి నుంచి వచ్చినవాళ్లు పాలసీ సంస్థల్లో, ఎన్జీవోల్లో, కన్సల్టెన్సీల్లో కూర్చుంటారు. మన పిల్లలు చదివే కాలేజీల్లో అది రెండు క్రెడిట్ల పేపర్. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు రాక కాలేజీలు బంద్ పెడుతుంటే, సర్టిఫికెట్లు ఆపుతుంటే, ఎవడికి ల్యాబు, ఎవడికి ఫీల్డు? ఒకే సబ్జెక్టు ఒకచోట వృత్తి, ఇంకోచోట తద్దినం.

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో మాత్రం పర్యావరణానికి మంచి గిరాకీ ఉంది. గ్రూప్స్, సివిల్స్ ప్రిలిమ్స్‌లో ప్రశ్నలొస్తాయి కాబట్టి. రామ్‌సర్ చిత్తడి నేలలు వరసగా బట్టీ పడతారు. ఏ పక్షి ఏ జాబితాలో ఉందో చెప్తారు. క్లాసు అయిపోయాక సరూర్‌నగర్ చెరువు కట్ట మీదుగా నడిచి హాస్టల్‌కు పోతారు. 2020 అక్టోబర్‌లో హయత్‌నగర్‌లో ఒక్కరోజులో దాదాపు 30 సెంటీమీటర్ల వాన పడినప్పుడు ఆ చెరువు కింది కోదండరాంనగర్, సీసాల బస్తీ రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. ఆ చెరువు ఎందుకు పొంగింది, దానికి వచ్చే నాలాలు ఎక్కడ ఇరుకయ్యాయి, నీళ్లు ఎవరి ఇంట్లోకి ముందు వచ్చాయి అని ఏ బిట్ పేపర్‌లోనూ రాదు.

ఉద్యోగాల మాట కూడా దాచకుండా చెప్తా. మన అమ్మానాన్నల భయం నిజమైనదే. మట్టి పని నుంచి, మోరి పని నుంచి మనల్ని తప్పించడానికే వాళ్లు చదివించారు. "మళ్లీ చెత్త గురించే చదువుతావా బిడ్డా" అని అమ్మ అడిగితే ఆ మాటను ఎగతాళి చేసే హక్కు ఏ పర్యావరణవేత్తకూ లేదు. కాబట్టి లెక్కలు చూసుకునే దిగండి. ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ నోటిఫికేషన్ తీయండి. పశువైద్యం, బోటనీ, కెమిస్ట్రీ, జియాలజీ, మ్యాథ్స్, ఫిజిక్స్, స్టాటిస్టిక్స్, జువాలజీలలో ఒక్కటైనా డిగ్రీలో ఉండాలి. లేదంటే అగ్రికల్చర్, ఫారెస్ట్రీ, ఇంజినీరింగ్ డిగ్రీ కావాలి. ఆ జాబితాలో ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ పేరే లేదు. ఈ దేశం అడవులు చూసే అధికారికి పర్యావరణం డిగ్రీ పనికిరాదు, స్టాటిస్టిక్స్ పనికొస్తుంది! కాలుష్య నియంత్రణ మండలిలో అసిస్టెంట్ ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీర్ అవ్వాలంటే ఇంజినీరింగ్ కావాలి. అందుకే చెప్తున్నా, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ తీసుకుంటే పక్కన బోటనీయో కెమిస్ట్రీయో ఉండే కాంబినేషన్ తీసుకోండి. ఆ రెండో సబ్జెక్టు తలుపులు తెరిచి ఉంచుతుంది. ఎమ్మెస్సీకి సెంట్రల్ యూనివర్సిటీలకు రాయండి. యూజీసీ నెట్‌లో ఎన్విరాన్‌మెంటల్ సైన్సెస్ విడిగా సబ్జెక్టుగా ఉంది. ఎస్సీ విద్యార్థులకు నేషనల్ ఫెలోషిప్ ఉంది. దారి ఇరుకైనదే, కానీ ఉంది.

ఉద్యమంలో ఉన్న కొందరు అన్నలు ఇక్కడ అడ్డుపడతారు. "పర్యావరణం సవర్ణుల హాబీ, మనకు భూమి, ఆత్మగౌరవం, రిజర్వేషన్ ముందు" అంటారు. అన్నా, భూమి ఎట్లా పోతోందో చూడు. ఎల్బీనగర్ చౌరస్తాలో సాగర్ రోడ్డు ఎక్కు. ఇబ్రహీంపట్నం దాటితే యాచారం, ఇంకో పక్క కందుకూరు. ఫార్మాసిటీ పేరుతో సేకరించిన భూముల్లో దళితులకు పంచిన అసైన్డ్ భూములు ఎన్నో. వాటికి పట్టా భూముల కంటే తక్కువ పరిహారం. సిలబస్‌లో చదివిన "బంజరు భూమి" అదే అన్నా. మన పేరు మీదికి రాగానే అది బంజరు, కంపెనీ పేరు మీదికి పోగానే పారిశ్రామిక భూమి. ఆ ప్రాజెక్టుకు 2017లో పబ్లిక్ హియరింగ్ జరిగింది. 2006 నోటిఫికేషన్ ప్రకారం ప్రాజెక్టు ప్రభావం మీద నివేదిక ఉండాలి, జనం ముందు చర్చించాలి. ఆ నివేదిక రాసే కన్సల్టెంట్‌కు జీతం ఎవరిస్తారు? ప్రాజెక్టు పెట్టేవాడే. ఎన్ని పేజీల రిపోర్టయినా అసలుది ఇంగ్లీషులో ఉంటుంది, ఆచరణలో మన చేతికి తెలుగులో వచ్చేది సారాంశం మాత్రమే. బోరు నీళ్ల మీద, గాలి దిశ మీద, ఉన్న చెట్ల మీద అందులో ఏం రాశారో చదివి, "ఇది తప్పు, మా ఊరి వాగు ఈ పటంలో లేదు" అని మైకులో చెప్పగల మనిషి మన వాడలో ఎంతమంది ఉన్నారు? భూమి కోసం కొట్లాడాలంటేనే ఈ చదువు కావాలి.

మూసీ సంగతి అందరికీ తెలిసిందే. 2024 సెప్టెంబర్ చివర్లో ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో "ఆర్‌బీ-ఎక్స్" అని రాసుకుంటూ పోయారు. చైతన్యపురి, కొత్తపేట వైపు రిజిస్ట్రేషన్ కాగితాలు, బ్యాంకు లోన్లు ఉన్నవాళ్లు రోడ్డెక్కారు. సర్వేకు వచ్చినవాళ్లను అడ్డుకున్నారు, మంచిపని చేశారు. చాదర్‌ఘాట్ వైపు మూసానగర్, శంకర్‌నగర్‌లలో అక్టోబర్ మొదట్లోనే గోడలు కూలాయి. డబుల్ బెడ్‌రూం తాళం చేతిలో పెట్టి, సామాను ఆటోలో ఎక్కించి పంపారు. కూలి ఎక్కడ దొరుకుతుంది, పిల్లల బడి ఏమవుతుంది అని అడిగితే "నదిని బాగుచేయొద్దా" అన్నారు. నదిని పాడుచేసింది శంకర్‌నగర్ రేకుల ఇల్లా? నగరం మొత్తం ఫ్లష్ నొక్కితే, పైన ఫ్యాక్టరీలు వదిలితే నది అట్లా అయింది. ఎవరెంత వదిలారో లెక్క తీసే చదువు మన చేతిలో ఉంటే, ఆ ఎర్ర రంగు డబ్బా ఎవరి గోడ దగ్గరికి పోవాలో మనం కూడా చెప్పేవాళ్లం.

2025 వసంతంలో హెచ్‌సీయూ పిల్లలు కంచ గచ్చిబౌలి 400 ఎకరాల కోసం బుల్డోజర్లకు ఎదురు నిలబడ్డారు. లాఠీలు తిన్నారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపింది. అందులో మన పిల్లలు ముందు వరసలో ఉన్నారు, గర్వంగా ఉంది. దేశమంతా నెమళ్ల అరుపులు వింది, జింకల వీడియోలు చూసింది. నాకు ఆ జింకల మీద కోపం లేదు. శంకర్‌నగర్ ఆడవాళ్ల ఏడుపు కూడా అంతమంది ఫోన్లలో ఎందుకు మోగలేదన్నదే నా ప్రశ్న.

ఇక ఎనిమిదో యూనిట్ దగ్గరికి. 1979లో అమెరికాలోని హ్యూస్టన్‌లో ఒక నల్లవాళ్ల పేటలో చెత్త డంపు పెట్టబోతే కోర్టులో కేసు పడింది. ఆ కేసు కోసం రాబర్ట్ బులార్డ్ అనే సోషియాలజీ మాస్టారు తన క్లాసు విద్యార్థులను నగరం మీదికి పంపాడు. వాళ్లు రికార్డులు తవ్వి, పటం మీద చుక్కలు పెట్టారు. నగర పాలకసంస్థ సొంత డంపులు ఐదుకు ఐదూ నల్లవాళ్ల పేటల్లోనే ఉన్నాయని తేలింది. ఆ నగరంలో నల్లవాళ్లు పావు వంతు మాత్రమే. ఆ కేసు ఓడిపోయారు. కానీ ఆ పటం నిలబడింది. 1982లో వారెన్ కౌంటీలో విషపు మట్టి లారీల ముందు జనం పడుకున్నారు, వందల మంది అరెస్టయ్యారు. ఇవాళ ప్రపంచమంతా చదివే "పర్యావరణ న్యాయం" అన్న శాస్త్రానికి అవే పునాదులు. డిగ్రీ విద్యార్థి చేయగల పనే అది: నడవడం, అడగడం, రాసుకోవడం.

కాబట్టి ఈ సెమిస్టర్‌లో మీ ప్రాజెక్టు వర్క్‌కు జింకల పార్కు వద్దని చెప్పండి. సిలబస్ కాగితం చూపించి "స్థానిక కలుషిత ప్రదేశం" అడగండి. నాగోల్ నుంచి మూసారాంబాగ్ దాకా మూసీ ఒడ్డు, సరూర్‌నగర్ చెరువులోకి దిగే నాలాలు, మీ డివిజన్‌లో చెత్త బండ్లు ఆగే చోట్లు. ఎక్కడ మనుషుల్ని దింపి మోరి తీయిస్తున్నారో, ఏ టైమ్‌లో, ఏ కాంట్రాక్టర్ కింద, చేతికి గ్లౌజు ఉందా లేదా రాయండి. పని చేసేవాళ్ల పేర్లు మాత్రం రాయొద్దు, వాళ్ల పని పోతుంది. కులం అడగడానికి మొహమాటపడొద్దు, అయితే మర్యాదగా, మీ కులం ముందు చెప్పి అడగండి. ఫొటోలో మొహాలు రానీయొద్దు. మార్కులు తగ్గిస్తారేమో అని భయముంటే గ్రూపుగా ఇవ్వండి, పది మందికి ఒకేసారి సున్నా వేయడం కష్టం.

ఆ లెక్చరర్ నవ్విన చెల్లెకు విడిగా రాశాను. బీఎస్సీలో కెమిస్ట్రీతో కలిపి తీసుకుంటానంది. వాళ్ల ఊరు మర్రిగూడ దగ్గరే. వాళ్ల నాయినమ్మ బోరు నీళ్లు బాటిల్‌లో పట్టుకొస్తానంది, ఫ్లోరైడ్ ఎంతుందో ల్యాబులో తనే కొలవాలట.

వచ్చే ఆదివారం ఐదో భాగం: జవహర్‌నగర్ డంపు. దానికి ముందు ఎల్బీనగర్ సర్కిల్‌లో చెత్త బండ్లు ఆగే చోట్ల జాబితా మీరు పంపినంత మేర కలిపి ఒక పటం గీస్తాను. కామెంట్లలో కాలనీ పేరు, సమయం రాస్తే చాలు.